బావమరిది వేసిన ఆదర్శ రహదారి

రహదారుల శాఖ ప్రధాన ఇంజనీరుగారు తాము స్వయంగా మంజూరు చేసి, స్వయంగా తనిఖీ చేసి, స్వయంగా మెచ్చుకున్న రోడ్డు మీద మొట్టమొదటిసారిగా ప్రయాణం చేయబోతున్నారన్న వార్త శాఖలో అందరికీ ఆనందాన్ని, కొందరికి ఆందోళనను కలిగించింది. ఆందోళన పడ్డవాళ్ళు ఆ రోడ్డు మీద ఒకసారి వెళ్ళివచ్చినవాళ్ళు.

ఆ రోడ్డు నగరం నుంచి విజయగోపురం దాకా వెళుతుంది. విజయగోపురం గురించి మీకు చెప్పనక్కరలేదు. పూర్వం ఎవరో రాజు ఎవరినో గెలిచిన సందర్భంగా కట్టించినది. ఎవరిని గెలిచాడో, గెలిచి ఏం చేశాడో ఎవరికీ గుర్తులేదు. రాళ్ళు మోసినవాళ్ళు మాత్రం ఓడినవాళ్ళేనని అంటారు. ఆ గోపురం బొమ్మ క్యాలెండర్ల మీద, సబ్బుపెట్టెల మీద, పిల్లల నోటు పుస్తకాల అట్టల మీద ఉంటుంది గనక దాన్ని చూడనివాడు దేశంలో లేడు. దగ్గరికి వెళ్ళి చూసినవాళ్ళు తక్కువ. దానికి కారణం రోడ్డు.

రోడ్డు వేసింది ఇంజనీరుగారి బావమరిది. ఇందులో బంధుప్రీతి ఏమీ లేదు. పద్ధతి ప్రకారం టెండర్లు పిలిచారు, వచ్చినవాటిలో అన్నిటికంటే మంచి టెండరు బావమరిదిది. వచ్చింది అదొక్కటే కావడం యాదృచ్ఛికం. పని పూర్తయ్యాక ఇంజనీరుగారు రోడ్డును తన గదిలోనే తనిఖీ చేశారు. బావమరిది తెచ్చిన ఫొటోలను బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూసి, ఒక్క గుంత కూడా లేదని తేల్చారు. ఫొటోల్లో నిజంగానే గుంతలు లేవు. ఆ ఫొటోల్లో బళ్ళన్నీ మనలా ఎడమవైపున కాక కుడివైపున నడుస్తున్నాయేమిటని కొత్తగా చేరిన ఒక ఇంజనీరు అడిగాడు గాని, అతన్ని ఆ సాయంత్రమే మురుగుకాలువల శాఖకు బదిలీ చేయడంతో అనుమాన నివృత్తి జరిగిపోయింది.

ఇంతటి రోడ్డుకు గుర్తింపు రాకుండా ఎలా ఉంటుంది? ఆ ఏడు ప్రభుత్వం దానిని 'ఆదర్శ రహదారి'గా ఎంపిక చేసింది. గోపురం పాదం దగ్గర శిలాఫలకం ఆవిష్కరించి, ఇంజనీరుగారికి పతకం ఇవ్వాలని నిర్ణయించారు. ఇవ్వడానికి కమిషనరుగారు హెలికాప్టరులో వస్తున్నారు. రోడ్డును మొత్తంగా చూడాలంటే పైనుంచే చూడాలన్నది ఆయన సిద్ధాంతం. ఇంజనీరుగారికీ ఆ సిద్ధాంతమే ఇష్టం గాని హెలికాప్టరులో సీటు దొరకలేదు.

కనక బావమరిది కొత్త కారులో బయలుదేరారు. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇంజనీరుగారు, వెనక ఆయన భార్య, తెల్లబట్టల్లో బావమరిది, వాళ్ళిద్దరి తల్లి, అంటే ఇంజనీరుగారి అత్తగారు. ఇంజనీరుగారు పతకం కోసం, భార్య పతకం తీసుకునే ఫొటో కోసం, బావమరిది కమిషనరుగారి పరిచయం కోసం వెళుతున్నారు. గోపురం చూడాలని బయలుదేరింది అత్తగారొక్కతే. చిన్నప్పుడు పుట్టింట్లో గోడకు వేలాడిన బొమ్మను నిజంగా చూస్తానని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. పొద్దున్నుంచీ నలుగురికి చెప్పుకుంది, "మావాడే వేశాడు రోడ్డు. అల్లుడుగారు దగ్గరుండి వేయించారు" అని.

ఊరు దాటాక రోడ్డు అద్దంలా ఉంది. పై అధికారుల జీపు ఎంతవరకు వచ్చి వెనక్కి తిరుగుతుందో అంతవరకూ అద్దంలాగే ఉంది. అక్కడొక మలుపు. మలుపు తిరగగానే కారు ఒక్కసారి ఎగిరి పడింది. ఆ తరువాత ఎగరడం, పడడం మధ్య ప్రయాణం అనదగినది ఏదీ లేదు.

"ఏంట్రా ఇది?" అంది భార్య తమ్ముడితో, తల సీలింగుకు తగిలి.

"వాన అక్కా. వానకు కొట్టుకుపోయింది."

"వానెప్పుడు పడిందిరా? ఎండలు మండిపోతుంటే."

"పడకుండా ఉంటుందా? అదీ లెక్కలోకి తీసుకోవాలి."

ఇంజనీరుగారు వెనక్కి తిరిగి, ఇది గుంత కాదని భార్యకు వివరించారు. గుంత అనే మాటను శాఖ చాలాకాలం క్రితమే రద్దు చేసింది. దీన్ని 'తాత్కాలిక నిమ్న ప్రదేశం' అంటారు. వివరణ పూర్తికాకముందే ఒక తాత్కాలిక నిమ్న ప్రదేశం వచ్చి ఆయన నాలుక కరుచుకున్నారు. ఆ తరువాత కొంతసేపు కారులో శాస్త్రీయ చర్చ ఆగింది. మొదటి టైరు అక్కడికి దగ్గర్లోనే పోయింది. మార్చారు. మార్చిన టైరు పోయింది. దాన్ని అతికించిన దుకాణంవాడు, "ముందుముందు ఇంకా ఉందండి" అన్నాడు. రోడ్డు ఇంకా ఉందంటున్నాడని ఇంజనీరుగారు సంతోషించారు.

తరువాత వంతెన వచ్చింది. వాగుకు ఈ గట్టున నీలం బోర్డు మీద వంతెన పేరు, దాని కింద ఇంజనీరుగారి పేరు, దాని కింద బావమరిది పేరు తెల్లటి అక్షరాలతో మెరుస్తున్నాయి. రెండు పక్కలా పసుపు, నలుపు చారలు వేసిన పిట్టగోడలు ముచ్చటగా ఉన్నాయి. వాటి మధ్య వాగు కనిపిస్తోంది.

ఇంజనీరుగారు చాలాసేపు చూశారు.

"వంతెన ఏదయ్యా?"

"అటుపక్క గోడ అయిపోయింది బావా. ఇటుపక్క గోడా అయిపోయింది," అన్నాడు బావమరిది. "మధ్యలోదే మిగిలింది."

"మరి అంతా అయిందని నేను సంతకం పెట్టానే?"

"మీరు పెట్టాకే కదా బావా పని ఆగింది."

జీతమిచ్చేవాడు వెనక సీట్లో ఉన్నప్పుడు రోడ్డు గురించి మాట్లాడని మనిషి డ్రైవరు. కారును గట్టు దింపి వాగులోకి పోనిచ్చాడు. నీళ్ళు మోకాలి లోతే. ఆ నీళ్ళ కింద ఉన్నది మాత్రం మోకాలి లోతు కాదు. కారు ముందుభాగం అందులోకి తలకిందులుగా దిగబడింది, కింద ఏదో పెళుక్కుమంది. వెనక సీట్లోని అత్తగారు ముందు సీటు మీదికి, అక్కడినుంచి తలుపు మీదికి వెళ్ళి పడింది. రెండోసారి కూడా ఏదో పెళుక్కుమంది. మొదటిది కారు ఇరుసు. రెండోది ఆవిడ కుడిచెయ్యి.

ఆపదలో ఉన్నవాడికి సాయం దొరకని రోజులివి అని వాపోయేవాళ్ళు ఆ వాగు గట్టుకు ఒకసారి వెళ్ళి చూడాలి. కారు పడేసరికే ట్రాక్టరు యజమాని తాడు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అతని వెనక పంక్చరు దుకాణం, దాని పక్కన టీకొట్టు, టీకొట్టులో, గుంతలో పడ్డవాళ్ళు తేరుకోవడానికి బల్లలు, బల్లల పక్కన విరిగిన ఎముకలకు కట్లు కట్టే పెద్దాయన. ఎవరూ కంగారు పడలేదు. టీకొట్టావిడ డ్రైవరును చూసి, "ఇవాళ త్వరగా వచ్చావే" అంది. అతనికి డబ్బు అడక్కుండానే టీ ఇచ్చింది.

కట్లు కట్టే పెద్దాయన అత్తగారి చెయ్యి పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది నా వల్ల అయ్యేది కాదు తల్లీ. ఎముక రెండు చోట్ల పోయింది. గోపురం దగ్గర పెద్దాసుపత్రి ఉంది, అక్కడికి తీసుకుపోండి."

చెయ్యి అప్పటికే మోచేతి దగ్గర వాచి నల్లబడుతోంది. ఆవిడ పళ్ళు బిగబట్టి, ఏడవకుండా, కూతురి భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇది చూసి ఇంజనీరుగారికి గుండె తరుక్కుపోయింది. తన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ కలగని ఒక ఆలోచన ఆయనకు ఆ క్షణంలో కలిగింది. ఆయన లేచి నిలబడి, అందరూ వినేటట్టు అన్నారు:

"నేను ఈ రోడ్డు ప్రధాన ఇంజనీరును. మాటిస్తున్నాను. వెంటనే ఈ రోడ్డు బాగుచేయిస్తాను."

టీకొట్టావిడ గ్లాసులు కడగడం మానేసింది. ట్రాక్టరు యజమాని తాడు కింద పెట్టి, తలపాగా సర్దుకుని ముందుకొచ్చాడు.

"తొందరపడకండి సార్. తమరు పెద్దవారు, కోపంలో ఏదో అన్నారు. కాస్త మా సంగతీ చూడండి. ఈ రోడ్డు పడకముందు ఇక్కడ మట్టిబాట ఉండేది. బళ్ళు సర్రున పోయేవి. ఒక్కడంటే ఒక్కడు ఆగేవాడా? మా ముఖం చూసేవాడా? తమరి దయవల్ల రోడ్డు పడింది, వీళ్ళందరి పొయ్యిలో పిల్లి లేచింది. ఈ గుంత మాకు అన్నం పెడుతోంది సార్. తమరు వంతెన కట్టారనుకోండి, మేమంతా ఏ గంగలో దూకాలి?"

"వాగులోనే దూకాలి," అంది టీకొట్టావిడ. "అదీ వంతెన మీంచి."

పెద్దాయన కూడా వంతపాడాడు. వృద్ధాప్యంలో ఈ కట్లు తప్ప తనకు ఆధారం లేదన్నాడు. అందరూ కలిసి, రోడ్డు బాగుచేసే పక్షంలో ఆఫీసు ముందు బైఠాయిస్తామని కూడా ఎంతో వినయంగా తెలియజేశారు. ఇంజనీరుగారి మనసు కరిగింది. ప్రజాభీష్టాన్ని తోసిపుచ్చే మనిషి కాదాయన. ఆలోచన వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది, ఆయన ప్రాణం తేలికపడింది.

కారును అక్కడే వదిలి అందరూ ట్రాక్టరు తొట్టిలో ఎక్కారు. ఖాళీ గోతాలు పరిచి అత్తగారిని కూర్చోబెట్టారు. తొట్టి ఎగిరినప్పుడల్లా ఆవిడ నోట్లోంచి చిన్న మూలుగు వచ్చేది. కొంత దూరం పోయాక బావమరిది తల్లి దగ్గరికి జరిగాడు.

"అమ్మా, ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడుగుతారు."

"అడగరా మరి?"

"రోడ్డు మీద అనకు. ఇవాళే అవార్డు ఇస్తున్నారు, బాగుండదు. బాత్రూంలో జారిపడ్డానని చెప్పు."

తల్లి కొడుకును కిందినుంచి పైదాకా చూసింది.

"బాత్రూమూ నువ్వే కట్టావుగా. నమ్ముతారులే."

కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంజనీరుగారు పొలాల వైపు చూస్తూ, పంటలు బాగున్నాయని ఎవరితోనో అన్నారు.

గోపురం దగ్గరికి చేరేసరికి సభ మొదలైపోయింది. గోపురం చుట్టూ ఎత్తైన రంగు గుడ్డలు కట్టారు. హెలికాప్టరు దిగినప్పుడు లేచిన దుమ్ము ఇంకా అణగలేదు. ఆసుపత్రి అక్కడికి రెండు వీధుల అవతల ఉంది.

"ముందు అమ్మను తీసుకెళ్దామండీ," అంది భార్య.

"ఎంతసేపు, పతకం తీసుకుని వచ్చేస్తాను. అత్తయ్యగారూ, కొంచెం ఓర్చుకోండి."

"మీరు వెళ్ళండి బాబూ," అంది అత్తగారు. "నన్ను మాత్రం గోపురం కనబడే వైపు దింపండి."

ఆ వైపు కమిషనరుగారి కారును నిలిపారు గనక వీలుకాలేదు. కమిషనరుగారు హెలికాప్టరులో వచ్చినా ఆయన కారు కూడా వచ్చి ఉండడం మర్యాద. అది ఏ దారిన వచ్చిందో ఎవరూ అడగలేదు. దాన్ని లారీ మీద ఎక్కించి తెచ్చారు.

ఇంజనీరుగారు, బావమరిది గేటు దగ్గరికి పరుగెత్తారు. ఒంటినిండా దుమ్ము, మోకాళ్ళ దాకా బురద. కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

"ఫిర్యాదులు సోమవారం ఇచ్చుకోవాలి. ఇవాళ పెద్దవాళ్ళ మీటింగు."

"నేను ఇంజనీరునయ్యా."

"రోడ్డు గురించి వచ్చేవాళ్ళందరూ ఏదో ఒకటి చెబుతారు. పక్కకు జరుగు."

ఆ విధంగా ఇంజనీరుగారు తన మీద కురుస్తున్న పొగడ్తలను చాలావరకు గేటు బయట నిలబడి విన్నారు. మైకులో కమిషనరుగారి గొంతు గంభీరంగా వినిపిస్తోంది.

"నేను ఇప్పుడే ఈ రహదారి పొడవునా ప్రయాణించి వచ్చాను. ఒక్క కుదుపు, ఒక్క కుదుపంటే ఒక్క కుదుపు లేదు. తల్లి ఒడిలో ఉన్నట్టుంది. అలనాటి రాజు ఈ గోపురాన్ని నిర్మించి చరిత్రలో నిలిచాడు. మన ఇంజనీరుగారు ఆ గోపురానికి దారి నిర్మించి ఆ రాజును మించారు. ఎందుకంటే గోపురాన్ని చూడాలంటే ముందు దారి ఉండాలి కదా."

జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళలో సగం మంది చెప్పులు చేత్తో పట్టుకుని పొలాలకు అడ్డంపడి నడిచి వచ్చినవాళ్ళు. చెప్పులు రెండూ కలిపి కొడితే చప్పుడు బాగా వచ్చింది.

చివరికి శాఖ గుమాస్తా ఒకడు గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్ళాడు. ఒంటి మీద దుమ్ము చూసి కమిషనరుగారు కదిలిపోయారు. అవార్డు రోజున కూడా పనిలోంచి లేచివచ్చిన అధికారి అని మైకులో ప్రకటించారు. పతకం తగిలిస్తూ, "ప్రయాణం ఎలా జరిగింది?" అని అడిగారు.

"తెలియనే లేదు సార్," అన్నారు ఇంజనీరుగారు.

ఫొటో తీశారు. భార్య కోసం వెతికారు గాని ఆవిడ తొట్టి దిగి రాలేదు. ఫొటో సరిగా రాలేదని మళ్ళీ తీశారు. తరువాత బావమరిదిని పరిచయం చేశారు. తరువాత ఫలహారాలు వచ్చాయి. పెద్దలు తింటుండగా మధ్యలో లేవడం సభ్యత కాదు. వీళ్ళు ఇక రారని తేల్చుకుని, భార్య ట్రాక్టరు యజమానినే బతిమాలి తల్లిని ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఆసుపత్రి డాక్టరు అలసిపోయిన మనిషి. చెయ్యి చూసి, "ఎక్కడ పడ్డారు?" అన్నాడు.

"రోడ్డు మీద నాయనా," అంది పెద్దావిడ. "మావాడు వేసిన రోడ్డు మీద."

కూతురు వారించలేదు. డాక్టరు కలం కింద పెట్టాడు.

"అమ్మా, రోడ్డు మీద అంటే ప్రమాదం కిందికి వస్తుంది. పోలీసులు వచ్చి రాసుకుంటే తప్ప నేను చెయ్యి పెట్టకూడదు. పోలీసులు రావాలంటే ఆ రోడ్డు మీదనే రావాలి. వాళ్ళు రారు. మీరు ఇలాగే కూర్చోవాలి. అదే ఇంట్లో బాత్రూంలో పడ్డారనుకోండి, ఇప్పుడే కట్టు వేసేస్తాను. ఇక్కడున్న వాళ్ళందరూ బాత్రూంలో పడ్డవాళ్ళే."

ఆవిడ వరండాలోకి చూసింది. కాళ్ళకు, చేతులకు, నడుములకు కట్లతో మంచాలు నిండి ఉన్నాయి. వాళ్ళలో సగం మందికి ఇంట్లో బాత్రూమే లేదని బట్టలు చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ జీవితంలో ఎవరికీ అబద్ధం చెప్పి ఎరగదు. దారి పొడవునా అదే పట్టుదలతో వచ్చింది. కాని విరిగిన ఎముక దగ్గర నిజం ఎంతసేపని నిలబడుతుంది?

"సరే రాసుకో నాయనా," అంది. "బాత్రూమే."

ఆ మాట అన్నాక ఆవిడ ఏడ్చింది. అంతవరకూ ఏడవలేదు.

తిరుగు ప్రయాణానికి హెలికాప్టరులో అనుకోకుండా రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. కమిషనరుగారి ఉపన్యాసం విని ముగ్ధులైన ఇద్దరు అధికారులు ఆ రోడ్డు మీదనే వెళతామని ముచ్చటపడ్డారు. ఇంజనీరుగారు వాళ్ళతో చేతులు కలిపి, "సుఖంగా వెళ్ళిరండి" అన్నారు. తాను, బావమరిది పైకెక్కారు. అధికారులిద్దరూ చీకటిపడకముందే అదే ఆసుపత్రికి వచ్చి, బాత్రూంలో పడ్డామని రాయించుకున్నారు.

మర్నాడు కూతురు తల్లిని గోపురం దగ్గరికి నడిపించుకుని వెళ్ళింది. రంగు గుడ్డలు తీసేశారు. ఎదురుగా గోపురం నిలువెత్తున ఉంది. దాని పాదంలో, పాత రాతి శాసనాన్ని కొంత చెక్కేసి, అక్కడ కొత్త పాలరాతి ఫలకాన్ని మేకులతో, సిమెంటుతో బిగించారు. కమిషనరుగారి పేరు, అల్లుడి పేరు, కొడుకు పేరు. మేకులు దిగగొట్టిన చోటునుంచి సన్నని పగులు ఒకటి గోడ వెంట పైకి పాకింది.

"ఎలా ఉందమ్మా?"

ఆవిడ పైదాకా చూడలేదు.

"మనవాళ్ళు చెయ్యి పెట్టారుగా. ఇంకేముందని చూస్తాను, పద."

పగులు పెద్దదవుతున్నందున కొద్దికాలానికే గోపురంలోకి సందర్శకులను నిషేధించారు. గోపురం నాసిరకంగా కట్టారని, అప్పటి రాజు పర్యవేక్షణ లోపమని విచారణ సంఘం తేల్చింది. ఆ ప్రాంతంలో ప్రజలు విపరీతంగా బాత్రూంలలో పడుతున్నారని ఆరోగ్య శాఖ ఆందోళన చెంది, నేలలు గరుకు చేసే పథకం ప్రవేశపెట్టింది. ఆ పని ఎవరికి దక్కిందో మీకు చెప్పి మిమ్మల్ని అవమానించను.

ఇన్ని రకాలుగా ప్రజలకు దగ్గరైన బావమరిది ఎన్నికలలో నిలబడకుండా ఎలా ఉంటాడు? వాగు గట్టువాళ్ళు అతని తరఫున ఇంటింటికీ తిరిగారు. తల్లి చేతికట్టుతో ఉన్న బొమ్మను గోడల నిండా అంటించారు. కింద పెద్ద అక్షరాలు: 'కన్నతల్లి చెయ్యి విరిగిన రోజున కూడా ప్రజల కార్యక్రమం మానని బిడ్డ.' తల్లి ఆ గోడల ముందు నుంచి వెళ్ళవలసి వస్తే తల వంచుకుని వెళ్ళేది. చూసినవాళ్ళు ఎంత అణకువ అనుకునేవారు.

ఓట్ల రోజున జనం గుంతల పక్కనుంచే బారులు తీరారు. కట్లలో వేళ్ళు దొరకనివాళ్ళకు సిరాచుక్క కట్టు మీదనే పెట్టారు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఉపాధ్యాయురాలు ఒకామె ఉండబట్టలేక, ముందు కర్ర ఊతంతో నిలబడ్డావిడను అడిగింది.

"ఏం పిన్నిగారూ, ఇన్ని తెలిసీ మళ్ళీ అతనికేనా?"

"కొత్తవాడొస్తే కొత్తచోట గుంతలు పెడతాడమ్మా," అంది ఆవిడ. "ఇతనివైతే ఎక్కడెక్కడున్నాయో మాకు తెలుసు."

ఉపాధ్యాయురాలు చదువుకున్న మనిషి. కాసేపు ఆలోచించింది. మాటలో సబబు ఉందనిపించింది. వంతు రాగానే లోపలికి వెళ్ళి, పోయినసారి మీరు వేసినచోటే వేసి వచ్చింది.